స్టీలు డబ్బాలో ఉగాది డిస్కు

రాయచూరు బజారులో మా అన్నకు పాత్రల దుకాణం ఉంది. దుకాణం వెనక గదిలో, గోడ అలమరలో, ఒక స్టీలు డబ్బా ఉంటుంది. మధ్యాహ్నానికి రొట్టెలు కట్టుకుపోయే సైజు డబ్బా. గిన్నెల మీద పేర్లు చెక్కే మిషన్‌తో అన్న దాని మూత మీద కన్నడంలో 'ముట్టబేడి' అని చుక్కలు చుక్కలుగా చెక్కాడు. ముట్టవద్దని. లోపల, పాత చేతిరుమాలులో చుట్టి, నా కంప్యూటర్ డిస్కు ఉంది. అది ఇంటికి రాకూడదు. ఎందుకు రాకూడదో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి.

నేను రాయచూరుకు బస్సు దూరంలో ఉన్న థర్మల్ విద్యుత్ కేంద్రంలో షిఫ్టు ఉద్యోగిని. బాయిలర్ వైపు పని. చదువు పదో తరగతి, ఆ తర్వాత ఐటీఐ. మిగిలినదంతా లైబ్రరీ చదువే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, నిజానికి ఇష్టం. మా కాలనీ క్లబ్బు పక్కన రెండు గదుల లైబ్రరీ ఉండేది. కన్నడ పుస్తకాలు ఒక గోడకు, ఇంగ్లీషువి ఒక గోడకు. తెలుగు బీరువా మాత్రం ఆంధ్ర నుంచి, తెలంగాణ నుంచి వచ్చిన ఉద్యోగులు బదిలీ మీదో, రిటైరయ్యో వెళ్తూ వదిలేసిన పుస్తకాలతో నిండింది. పుస్తకాల్లో ఎవరెవరి ఇంటి పసుపు మరకలో, ఎవరి పిల్లల గీతలో ఉండేవి. అన్నీ చదివాను. అవి అయిపోయాక ఇంగ్లీషు కంప్యూటర్ పత్రికలు పట్టుకున్నాను. పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో పేజీకి ఒక్కో సాయంత్రం. ఇంట్లో కంప్యూటర్ కొనేనాటికి, కొనడానికి నాతో వచ్చిన ఇంజనీరుగారి కంటే నాకే ఎక్కువ తెలుసని దారిలోనే అర్థమైంది. ఆయనకు చెప్పలేదు.

ఆ పత్రికల్లోనే చదివాను, దాచుకోవలసినది మూడు చోట్ల ఉండాలని. ఒకటి కంప్యూటర్లో, ఒకటి చేతికందే చోట, ఒకటి వేరే ఇంటి కప్పు కింద. చదవగానే నచ్చింది. మా పని పద్ధతి కూడా అదే కదా. బాయిలర్‌కు నీళ్లు తోసే పంపు ఒకటి నడుస్తుంటే, ఇంకొకటి పక్కనే సిద్ధంగా నిలబడి ఉంటుంది. దాన్ని స్టాండ్‌బై అంటాం. నడిచేది ఆగిపోతే నిలబడినది అందుకోవాలి. రెండింటికీ తేడా ఉండకూడదు. నిలబడిన పంపును వారానికోసారి కాసేపు నడిపి చూస్తాం. తిప్పకుండా వదిలేస్తే బిగుసుకుపోతుంది.

నేను దాచుకోవలసినవి మా ఆవిడ ముగ్గుల ఫొటోలు.

రాత్రి షిఫ్టు ముగించుకుని తెల్లవారి నేను ఇల్లు చేరే వేళకు ఆమె వాకిట్లో ముగ్గు పూర్తి చేస్తుండేది. ఇద్దరికీ పని అయిపోయే వేళ అది. మా కాలనీలో పొగగొట్టాల బూడిద సన్నగా రాలుతూనే ఉంటుంది. ఊడ్చి నీళ్లు చల్లి ముగ్గు వేసేలోపలే పలచగా ఒక పొర పడేది. మిగతా ఆడవాళ్లు విసుక్కునేవారు. ఆమె మాత్రం బూడిద రంగు నేల మీద తెల్ల గీత బాగా లేస్తుందనేది. వేసిన ముగ్గు మళ్లీ వేసేది కాదు. ఎక్కడి నుంచి తెస్తావని అడిగితే, "చుక్కలే చెప్తయ్" అనేది. కెమెరా కొన్నప్పటి నుంచి నేను వాకిట్లో సైకిల్ ఆపి, ముగ్గును ఫొటో తీసి, అప్పుడు లోపలికి వెళ్లేవాణ్ని. ఆమెను ఫొటో తీయాలని తోచలేదు. ఆమె ఎటూ లోపల ఉండేది, టీ పెడుతూ.

మొదట ఆ ఫొటోలను సీడీల్లోకి ఎక్కించాను. మా ఇంట్లో సీడీలు నిలవలేదు. బూడిద రవ్వ పడి గీతలు వచ్చేవి. తుడిస్తే ఇంకా పెరిగేవి. తర్వాత అరచేతిలో పట్టే డిస్కులు రెండు కొన్నాను. అప్పుడు సాఫ్ట్‌వేర్ ఏది పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. దాని మీద చాలా రోజులు చదివాను. పత్రికలతో వచ్చే సీడీల్లో రెండు రకాలు దొరికాయి. ఒక రకం, మనం మార్చినా చెరిపినా పాతదాన్ని కూడా తేదీ వేసి పక్కన దాస్తుంది. ఇంకో రకం అద్దం లాంటిది. కంప్యూటర్లో ఏముందో డిస్కులోనూ అదే ఉంచుతుంది. ఇక్కడ చేరితే అక్కడ చేరుస్తుంది, ఇక్కడ పోతే అక్కడ తీసేస్తుంది. మొదటిది నాకు చెత్త పోగేసే పద్ధతిగా కనిపించింది. నడిచే పంపు ఎలా ఉందో నిలబడిన పంపు అలాగే ఉండాలి. అద్దం రకం పెట్టాను. పైగా, ఆ రెండు డిస్కుల్లో ఏది తగిలించినా అడగకుండా తనే పని మొదలుపెట్టేలా అమర్చాను. లైబ్రరీలో ఇద్దరు ముగ్గురికి దాన్ని వివరించి చెప్పాను కూడా.

ఆమెకు ఇదంతా నవ్వులాట.

"ఇగో, రేపు పొద్దుగాల నేనే ఊడ్సి పారేసేది. దానికి ఇన్ని నకళ్లెందుకు?"

"పోతే మళ్లీ రాదు కదా" అన్నాను.

"పోనీకె కదా ఏసేది. మీ ప్లాంట్ల పంపు ఆగితే ఊరంత చీకటైతది. నా ముగ్గు ఆగితే ఏమైతది? సుమ్నె, ఉత్తగనే పెట్టుకుంటరు."

ఒక డిస్కు ఇంట్లో ఉండేది. దాన్ని నా వారపు సెలవు రోజున కంప్యూటర్‌కు తగిలించేవాణ్ని. రెండోది అన్న దుకాణంలో. ఉగాదికి, ఆయుధపూజకు మేము రాయచూరు వెళ్లడం ఎటూ తప్పదు. వెళ్లేటప్పుడు ఇంటి డిస్కు తీసుకువెళ్లి దుకాణంలో పెట్టి, అక్కడున్నదాన్ని ఇంటికి తెచ్చి తాజా చేసుకోవాలి. ఇదీ నా ఏర్పాటు. ఏడాదికి రెండుసార్లు మార్పిడి.

ఆయుధపూజ రోజు దుకాణంలో తక్కెడ, తూకపురాళ్లు, పేర్లు చెక్కే మిషన్, గల్లాపెట్టె, అన్నీ తుడిచి బొట్లు పెడతారు. మొదటి ఏడాది ఆమె మా రెండు డిస్కులనూ వరుసలో పెట్టింది. అన్న కుంకుమ గిన్నె పట్టుకుని ఆగిపోయాడు.

"తమ్మీ, ఇది యంత్రమా, పుస్తకమా? యంత్రమైతే ఇటు పెట్టాలె. పుస్తకమైతే సరస్వతి పటం దిక్కు పెట్టాలె."

ఆమె బావగారితో నేరుగా మాట్లాడేది కాదు. అందరూ వినేట్టు మా వదినతో అంది, "అక్కా, నడుమల పెట్టమను. ఎటు దిక్కు పోతదో అదే జూసుకుంటది."

"బొట్టు ఏడ పెట్టాలెనో గూడ చెప్పమను" అన్నాడు అన్న.

"సందులకు పోకుంట పెట్టమను. పోతే మీ మరిదికి అన్నం సయించదు."

అన్న నవ్వి, రెండు డిస్కుల వీపుల మీద చిన్న చిన్న బొట్లు పెట్టాడు. దుకాణంలో ఉంచేదాని కోసం ఆ రోజే స్టీలు డబ్బా ఇచ్చి, మూత మీద ఆ అక్షరాలు చెక్కాడు.

ఇలా కొన్ని ఏళ్లు నడిచింది.

తర్వాత ఆమెకు కిడ్నీల జబ్బు వచ్చింది. రాయచూరు దవాఖానకు వారంలో రెండు రోజులు బస్సులో వెళ్లివచ్చేవాళ్లం. నేను ఆ జబ్బు గురించి కూడా లైబ్రరీలో ఉన్నదంతా చదివాను. చదివితే ఏమవుతుందో తెలిసింది. అంతే. ఆమె ముగ్గు మానలేదు. ముందు చుక్కలు తగ్గాయి. తర్వాత వేళ్ల సందు నుంచి పిండి ఒకచోట కుప్పగా, ఒకచోట అసలు లేకుండా పడటం మొదలైంది. గీత చుక్కను చుట్టబోయి చుక్క మీదికే ఎక్కేది. వంగి వేయలేక కూర్చుని వేసేది. కూర్చున్నా పక్కకు ఒరిగిపోకుండా ఎడమచేయి నేలకు ఆనించేది. లేచి లోపలికి పోయాక ముగ్గు పక్కన బూడిదలో ఆ అరచేతి గుర్తు మిగిలేది. ఐదు వేళ్లూ స్పష్టంగా.

"ఇది తియ్యకుండ్రి" అంది ఒకరోజు, నేను కెమెరా తీస్తుంటే.

"ఎందుకు?"

"వంకర పోయింది. కండ్లున్నయ్ గద."

"రోజూ తీస్తున్నాను కదా" అని తీశాను. నాకు అది అలవాటు. షిఫ్టులో గంట గంటకూ మీటర్లు రాసుకునేవాడు, అంకె బాగాలేదని రాయకుండా ఉండడు.

ఆ ఉగాదికి రాయచూరు వెళ్లాం. ఆమె మెట్లెక్కి పైనున్న అన్న ఇంట్లోకి రాలేక కింద దుకాణంలోనే కూర్చుంది. వదిన పచ్చడి కిందికే తెచ్చింది. నేను డిస్కులు మార్చాను. అప్పటివరకు ఉన్న ఫొటోలన్నీ ఉన్న డిస్కు డబ్బాలోకి వెళ్లింది. పాతది ఇంటికి వచ్చింది, తాజా అయింది. వానాకాలం వచ్చింది. నేను పగటి షిఫ్టులో ఉన్నప్పుడు ఆమె మధ్యాహ్నాలు కంప్యూటర్ ముందు కూర్చునేది. ఫొటోలు చూడటం నేనే నేర్పాను. ఏం చూశావంటే, "నా వాకిలే" అనేది.

భాద్రపదంలో పోయింది.

పన్నెండో రోజుకు పటం కట్టించడానికి ఫొటో కావాలన్నారు. ఇంట్లో లేదు. మా పెళ్లి ఫొటోలో ఆమె తల వంచుకుని ఉంది. అన్న, "గన్ని ఫొటోలు తీస్తివి, ఏ మూలనన్న దొర్కదా, చూడు తమ్మీ" అన్నాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఏ ఫొటోలోనైనా అంచున ఆమె ముఖం పడి ఉంటుందేమోనని ఒక్కొక్కటే చూస్తూ పోయాను. కొంగు చివర ఒకటి రెండు చోట్ల ఉంది. పాదం ఒకచోట. తడి చీపురు. అలా చూస్తుండగా ఆ ఏడాది ఫొటోలు తొందరగా అయిపోయాయి.

కెమెరా ఫొటోలకు వరుస అంకెలు వేస్తుంది. చూస్తే మధ్యలో అంకెలు లేవు. మొదట ఒకటీ అరా, తర్వాత పది పదిహేను, చివరి నెలలకు వస్తే దాదాపు అన్నీ. ఉన్నవన్నీ తీరైన ముగ్గులే. గీత చెదిరినది ఒక్కటీ లేదు. అరచేయి ఒక్కటీ లేదు. కెమెరా కార్డు నేను ఎప్పటికప్పుడు ఖాళీ చేసేవాణ్ని. ఇంటి డిస్కు చూశాను. అందులోనూ అచ్చం అవే ఉన్నాయి. కంప్యూటర్లో పోయినవన్నీ నా సెలవు రోజుల్లో అక్కడా పోయాయి. ప్రోగ్రాం ఏ తప్పూ చేయలేదు. దాన్ని ఎందుకు పెట్టానో ఆ పని చేసింది.

కర్మకాండకు ప్లాంటు మెడికల్ కార్డు మీది ఫొటో పెద్దది చేయించాం. ముఖం మీద సీలు అంచు కొంచెం పడింది.

మా ఇళ్లలో మనిషి పోతే ఏడాది వరకు పండగ లేదు. ఆయుధపూజ వచ్చింది. దుకాణంలో తక్కెడకు కూడా బొట్టు పెట్టలేదు. నేను రాయచూరు వెళ్లలేదు. డిస్కులు మార్చలేదు. ఆ సాయంత్రం డ్యూటీలో, పంపుల దగ్గర నిలబడి ఉండగా, మార్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించాను. పండగ జరిగి ఉంటే ఉగాది డిస్కు ఇంటికి వచ్చేది. తగిలించగానే, నేనే అమర్చిపెట్టాను గనుక, అడగకుండా మొదలుపెట్టేది. వంకర పోయిన ముగ్గులన్నీ అందులో నుంచి కూడా తీసేసి, పూర్తయిందని చెప్పేది. పండగ లేదు కాబట్టి అది డబ్బాలో ఉంది.

వారపు సెలవు రాగానే రాయచూరు బస్సెక్కాను. అన్న దుకాణంలో బిల్లులు వేసే కంప్యూటర్ ఉంది. దానిలో నా ప్రోగ్రాం లేదు. డబ్బా దించి, డిస్కు దానికి తగిలించాను. బొట్టు ఎండి పొడి రాలుతోంది. పక్కన అన్న ఎవరికో పెళ్లి బిందె మీద పేరు చెక్కుతున్నాడు. మిషన్ టకటకమంటోంది.

ఉన్నాయి. ఉగాది వరకు తీసినవన్నీ ఉన్నాయి. అరచేతులు ఉన్నాయి.

ఉగాది తర్వాత పోయినవి ఎక్కడా లేవు.

వదిన టీ తెచ్చి నా వెనక నిలబడి చూసింది. తర్వాత మెల్లగా అంది, "ఇవి ఇంక ఉన్నయా? చెల్లె తుడ్సిన అన్నది గద."

నేను తిరిగి చూశాను.

"మొన్న శ్రావణంల దవాఖానకు వచ్చినప్పుడు చెప్పింది. 'అక్కా, వంకర పోయినయన్ని కూసొని తుడ్సిన. వాకిట్ల ముగ్గు చెడితే ఊడ్సి పారేస్తం గద, గట్లనే. ఆయనకు తెల్వదు, అంకెలు చూసుకుంట ఉంటడు' అని నవ్వింది. ఆయాసం ఉండె అప్పటికి. అయినా నవ్వింది."

మిషన్ ఆగింది. అన్న బిందె పక్కన పెట్టి వచ్చాడు.

"ఏవి? చూపియ్యి" అని, తెర మీదికి వంగి, "ఇది చెయ్యి గద" అన్నాడు.

"ఆమె చెయ్యే" అన్నాను.

"మరి ఇంటికి తీస్కపో తమ్మీ. ఉన్నకాడికి ఉన్నయ్. మల్ల కలుపుకో."

"ఎట్ల కలుపుకుంటడు?" అంది వదిన. "అది ఒద్దనుకున్నది గద. మీ తమ్ముడు నాకు లగ్నమైనకాడి నుంచి తెలుసు, దొరికినదంత దాసిపెడ్తడు. ఆ అలవాటు దానికి సరిపోలే. దాని వాకిలి అది ఊడ్సుకున్నది." నా వైపు తిరిగింది. "నువ్వు మల్ల చెత్త తెచ్చి పోస్తవా?"

"చెత్త అంటవేందే?" అన్నాడు అన్న.

"నేనంటలే. అదన్నది."

అన్న నా వైపు చూశాడు. టీ చల్లారిపోతోందని గమనించాను, తాగేశాను. డిస్కు ఆపి, రుమాలులో చుట్టి డబ్బాలో పెట్టాను. మూత పెడుతుంటే వదిన, "ఈడనే ఉండనీ. మేమైతే చూడం" అంది.

తర్వాత కొన్ని నెలలు లైబ్రరీలో మళ్లీ ఆ పాత పత్రికలు ముందేసుకున్నాను. చెరిపినదాన్ని కూడా తేదీ వేసి దాచే రకం గురించి మొదటిసారి సరిగ్గా చదివాను. దాన్నే చెత్త పోగేసే పద్ధతి అనుకున్నాను ఒకప్పుడు. ఇంట్లో అద్దం ప్రోగ్రాం తీసేసి ఇది పెట్టాను. మూడో డిస్కు కొన్నాను. ఇప్పుడు ఏది చెరిపినా పక్కన నిలుస్తుంది. కాకపోతే చెరిపేవాళ్లు లేరు, చేర్చేవాళ్లూ లేరు. ప్రతి సెలవు రోజునా అది అంతా వెతికి, మారినది ఏమీ లేదని చెబుతుంది. నేను సరేనని నొక్కుతాను.

ఆమె ముగ్గుల ఫోల్డరును ఆమె వదిలినట్టే ఉంచాను. తీరైనవన్నీ వరుసగా ఉన్నాయి. డబ్బాలోవి అందులో కలపలేదు. వాటికి నకలు కూడా తీయలేదు. ఒక్కటే చోట ఉన్నది ఉన్నట్టు కాదని నాకు తెలుసు. నేనే ఎందరికో చెప్పాను. అన్న కూడా అడిగాడు, ఇంకొకటి తీసి పెట్టరాదా అని. తీయాలనీ ఉంది. తీయలేదు. ఆమె మాట సగం విన్నట్టు, నా మాట సగం ఉన్నట్టు, ఆ ఒక్క డిస్కు అలా ఉంది.

ఏడాది తిరిగింది. పండగలు మళ్లీ మొదలయ్యాయి. ఆయుధపూజకు ఇంటి డిస్కు, కొత్త డిస్కు పట్టుకుని వెళ్లాను. దుకాణం ముందు వదిన ముగ్గు వేసి ఉంది. కెమెరా నా సంచిలోనే ఉంది. దాటుకుని లోపలికి వెళ్లాను. అన్న ఏమీ అడగకుండా డిస్కులను యంత్రాలకూ పుస్తకాలకూ నడుమ పెట్టి బొట్లు పెట్టాడు. డబ్బాకు మాత్రం మూత మీదే పెట్టాడు, అక్షరాల పక్కన.

మర్నాడు ఉదయం, బిల్లుల కంప్యూటర్ ఖాళీ అయ్యాక, డబ్బా తెరిచాను. తిప్పకుండా వదిలేస్తే డిస్కు కూడా బిగుసుకుపోవచ్చని చదివాను. తగిలించాను. లోపల సన్నగా ఒక చప్పుడు లేచి, పెరిగి, నిలకడగా సాగింది. బాగా తిరిగే పంపు చప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. తెర మీద ఫోల్డరు పేరు వచ్చింది. తెరవలేదు. షిఫ్టులో పంపుల దగ్గర నిలబడినట్టు కాసేపు వింటూ నిలబడ్డాను.

"తిరుగుతున్నదా?" అన్నాడు అన్న గల్లా దగ్గర నుంచి.

"తిరుగుతోంది" అన్నాను.

ఆపి, చప్పుడు పూర్తిగా తగ్గేదాకా ఆగి, రుమాలులో చుట్టి డబ్బాలో పెట్టాను. మళ్లీ ఉగాదికి తిప్పాలి.